ఇనుము మీద కూర్చుని ఎడారి దాటడం

మౌరిటానియా వెళ్తున్నానని తెలుగువాడెవడైనా ఇంట్లో చెబితే వచ్చే మొదటి మాట, "అదృష్టవంతుడివిరా, బీచ్‌లు భలే ఉంటాయట" అని. అది మారిషస్. 19వ శతాబ్దంలో చెరకు తోటల కూలికి వెళ్లిన మనవాళ్లు స్థిరపడిపోయిన ఆ దీవి హిందూ మహాసముద్రంలో ఉంది. మౌరిటానియా అట్లాంటిక్ ఒడ్డున ఉంది. మధ్యలో ఆఫ్రికా ఖండమంతా అడ్డం. ఈ భూగోళ పాఠమంతా ఓపిగ్గా విన్నాక పిన్ని, "సర్లే, వచ్చేటప్పుడు గవ్వల దండ ఒకటి పట్రా" అంటుంది.

దేశం 10 లక్షల చదరపు కిలోమీటర్లకు పైనే. జనం మాత్రం అరకోటి దరిదాపుల్లో. మిగతాది ఇసుక. 1960లో స్వాతంత్ర్యం వచ్చే ముందు అక్కడి ఫ్రెంచి పాలనంతా పక్కనున్న సెనెగల్‌లోని సెయింట్ లూయీ నుంచి జరిగేది. మనకంటూ రాజధాని లేదే అని, సముద్రపొడ్డు పల్లె ఒకటి చూసుకుని హడావుడిగా కట్టుకున్న ఊరు నువాక్‌షాట్. కొత్త రాజధాని కట్టుకోవడంలో సాధకబాధకాలు తెలుగువాళ్లకు ఒకరు చెప్పాలా!

డబ్బు దగ్గర యాత్రికుడికి అసలు పరీక్ష. అక్కడి నాణెం ఊగియా. దానికి చిల్లర వంద పైసల లెక్క కాదు, అయిదు ఖూమ్‌లు. 2018లో ప్రభుత్వం ఒక సున్నా కొట్టేసి కొత్త నోట్లు తెచ్చింది. బజారు నోట్లు మార్చుకుంది కానీ నోరు మార్చుకోలేదు. ధర ఇంకా పాత లెక్కలోనే చెబుతుంది. యాత్రికుడు పదింతలు ఇవ్వబోతే కొట్టువాడు నవ్వి తొమ్మిది వంతులు వెనక్కి తోస్తాడు. 1957కి ముందు అణాలు, బేడల్లో బేరాలాడిన తాతగారు వెంట ఉంటే నెగ్గుకొస్తాడేమో.

ఇంత దూరం వచ్చేది రైలు కోసం. జువెరాత్ గనుల నుంచి నువాదిబూ రేవుకి 704 కిలోమీటర్ల దారి, 1963 నుంచి నడుస్తోంది. ఒక్కో బండికి 200 పైచిలుకు వాగన్లు, రెండున్నర కిలోమీటర్ల దాకా పొడవు. బైలడిల్లా ఇనుము మోసుకుని విశాఖ రేవుకి దిగే గూడ్సులను చూసినవాళ్లకు సరుకు కొత్త కాదు. కాకపోతే ఇక్కడ సరుకు మీద మనుషులు కూడా ఉంటారు. టిక్కెట్టు లేదు, సీటు లేదు, ఫలానా టైమంటూ లేదు. బండి ఆగగానే పక్కనున్న ఇనుప నిచ్చెన పట్టుకుని ఎక్కి, ఇనుప రాళ్ల గుట్టలో ఒళ్లు పట్టేంత గుంట చేసుకుని కూర్చోవాలి.

కదలడం దీని ప్రత్యేకత. ఇంజను లాగగానే ముందు పెట్టెల కొక్కేలు ధన్, ధన్, ధన్ అంటూ ఒక్కొక్కటే బిగుసుకుంటూ వస్తాయి. ఆ మోత దగ్గరవుతుంటే, తన పెట్టె వంతు వచ్చేలోపు దేన్నయినా గట్టిగా పట్టుకోవడానికి యాత్రికుడికి నాలుగైదు క్షణాల గడువు. పట్టుకోనివాడు మొదటిసారి వెల్లకిలా పడతాడు, రెండోసారి పడడు. పగలు నెత్తి మాడుతుంది, రాత్రి పళ్లు టకటకలాడతాయి. పొడి ముక్కులోకీ చెవుల్లోకీ పోయి, తెల్లారేసరికి మనిషి అయస్కాంతానికి అంటుకునే స్థితికొస్తాడు. పక్క వాగనులో మేకలు. అవి ఈ దారికి అలవాటు పడ్డవి, హాయిగా నిద్రపోతాయి.

స్థానికులకు ఇది సాహసమేమీ కాదు, ఊరికి చేర్చే బస్సు. ఇంత ఖర్చు పెట్టి విమానమెక్కి వచ్చి, ఊరికే పోయే బండి మీద మసి పూసుకునేవాణ్ణి వాళ్లు వింతగా చూస్తారు. న్యాయమే.

రైలు దారిలో షూమ్ దగ్గర ఓ సొరంగం ఉంది. పట్టాలు వేసే రోజుల్లో చదునైన దారి పక్కనే ఉంది, కానీ ఆ నేల అప్పటి స్పెయిన్ సహారాది. ఫ్రెంచివాళ్లకూ వాళ్లకూ బేరం తెగలేదు. పొలం గట్టు తగాదాలో పంతానికి పోయి వేరే దారి తవ్వుకున్నట్టు, గ్రానైటు కొండను దాదాపు 2 కిలోమీటర్లు తొలిచారు. తరవాత పట్టాలు ఆ సరిహద్దు అవతలి నేల మీదుగానే మళ్లించారు. సొరంగం ఖాళీగా పడి ఉంది.

తిండికి బెంగ అక్కర్లేదు, చేపలు తినేవాళ్లకైతే. నూకలన్నం, పైన చేప, కూరగాయలు. పళ్లెం చుట్టూ అందరూ కూర్చుని కుడి చేత్తో తింటారు. అలాంటి బండి దిగివచ్చినవాడికి భూమ్మీద ఇంకా నూకలున్నాయన్న రుజువు పళ్లెంలోనే కనిపిస్తుంది. తరవాత పుదీనా టీ. చిన్న గాజు గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి ఎత్తు నుంచి పోసిందే పోస్తారు, నురగ కట్టేదాకా. మూడు గ్లాసులయ్యేదాకా లేవడం మర్యాద కాదు. తొందరపడేవాళ్లు మొదట్లో వాచీ చూస్తారు, తరవాత మానేస్తారు.

వెళ్లదలిస్తే నవంబరు, ఫిబ్రవరి మధ్య వెళ్లండి. వాగన్ల మీద పరదేశులను ఎక్కనిస్తున్నారో లేదో ముందే కనుక్కోండి. కళ్లకు ఈత కళ్లద్దాలు, మూతికి తలపాగా గుడ్డ, ఒంటికి మందపాటి దుప్పటి, సరిపడా మంచినీళ్లు తప్పనిసరి. తెల్ల చొక్కా మాత్రం వేసుకోకండి.