శ్వేతాంబరధారుల సాత్త్విక సమరము

పరుగు లేదు, పెనుగులాట లేదు, కేక లేదు గనుక గోల్ఫ్ క్రోకే క్రీడలన్నిటిలోను పరమ సాత్త్వికమైనదనియు, సభ్యతకు ఇంతకు మించిన పాఠశాల లోకమున లేదనియు, ఆ పోటీలకు పోయివచ్చు పెద్దమనుషులు తరచుగా సెలవిచ్చుచుందురు. వారు చెప్పు ఆటయు వారాడు ఆటయు ఒక్కటియేనా యని వినువారికి సందేహము కలుగక మానదు.

ఆటతీరు పరికింపుడు. 35 గజముల పొడవు, 28 గజముల వెడల్పు గల పచ్చికపై ఆరు కమానులు. నీలము, నలుపు బంతులు ఒక పక్షము, ఎరుపు, పసుపు మరియొక పక్షము. వంతునకు ఒక్కటే దెబ్బ. ఎవరి బంతి ముందు దూరిన వారిదే ఆ కమాను. తక్కినవారు తమ శ్రమనంతయు అచ్చటనే విడిచి తరువాతిదానికి నడువవలసినదే. పెద్ద పోటీలలో కమాను సందు బంతికంటె అంగుళములో 32వ వంతు మాత్రమే అధికముగ నుండుటయు కలదు. కావున తాను దూరుటకంటె దూరబోవువానిని చెదరగొట్టుట సులభము; 16 ఔన్సుల బంతితో ప్రత్యర్థి బంతిని హద్దుదాక తరిమి, పిమ్మట బంతిని కొట్టు సుత్తివంటి మాలెట్టుపై చేయి ఆనించి, ఏమియు నెరుగనట్లు మబ్బులవైపు చూచుచు నిలుచుట ఈ విద్యలో ప్రధానాంగము. పొలముగట్టు తగాదా దీనికంటె నిష్కపటమైనది. అందు తిట్లయినను బాహాటముగ వినబడును. పోటీకి తెల్లని దుస్తులు ధరించుట ఆచారము. తన తప్పును తానే చెప్పుకొనవలెననుట నియమము. రెండును శ్లాఘ్యములే, కాని బంతి కమాను దాటెనో లేదో వంగి చూచునపుడు, గెలువగోరువాని కన్ను ఎంత నిష్పక్షపాతముగ నుండునో ఊహించుట కష్టము కాదు.

ఆంగ్లేయులవలన ఈ ఆట నేర్చిన ఈజిప్టువారు మాత్రము ఈ వేషము కట్టలేదు. కైరో క్లబ్బులలో వారు దీనిని ద్వంద్వయుద్ధముగనే ఎంచి, దూరమునుండి బలముకొలది కొట్టి కమానులు దూర్చుట అలవరచుకొనిరి. 1996లో మిలాన్ నగరమున జరిగిన తొలి ప్రపంచ పోటీలో ఖాలెద్ యూనిస్ గెలిచెను. ఆ పిమ్మట పదునేడేండ్లు ఆ బిరుదు వారి దేశము దాటలేదు. 2013లో దక్షిణాఫ్రికాకు చెందిన రెజ్ బామ్‌ఫర్డ్ కైరోకే పోయి దానిని గెలుచుకొనెను. అదియు సౌజన్యము చూపి సంపాదించినది కాదు.

గెలువగోరుటలో తప్పేమియు లేదు. కావున మహాశయులారా, గెలుచుటకే పోవుచున్నామని నోరార చెప్పి పొండు. సభ్యతాపాఠమును మాత్రము మాకు ఒప్పగింపకుడు.