తెర మేలుకొలుపు పద్యం: టీకా తాత్పర్యాలు

అవతారిక

ఈ పద్యకర్త ఇంట్లో పన్నెండేళ్ల నాటి డెస్క్‌టాప్ ఒకటి ఉంది. దానితో వచ్చిన చదరపు మానిటర్ కాలం చేశాక కర్త 24 అంగుళాల కొత్త తెర కొని, హెచ్‌డీఎంఐ తీగతో ముడిపెట్టాడు. ముసలి పెట్టెకు పడుచు తెర. కాపురం సాగుతూనే ఉంది కానీ, కర్త భోంచేసి వచ్చేలోగా తెర కునుకు తీస్తుంది. తీసిన కునుకు వదలదు. ఒకనాడు బల్ల కిందికి దూరి, తల చెక్కకు తగిలించుకుని, బయటికి వస్తూ చెప్పిన తేటగీతి ఇది.

మౌసు గదిపితి, మీటలు మరల నొక్కి
చూచితిని; గాని యాతెర చూడదయ్యె;
పెట్టె లోపల దీపమ్ము వెలుగుచుండ
తీగ బెఱికితి, బెట్టితి, దెలివి వచ్చె!

ప్రతిపదార్థం

మౌసున్ = చేతికింది ఎలుకను; కదిపితి = అటూ ఇటూ తోశాను; మీటలు = కీబోర్డు మీది అచ్చరాలను; మరల నొక్కి = మొదట మెల్లగా, తరవాత కోపంగా నొక్కి; చూచితిని = ఎదురుచూశాను; కాని = అయినప్పటికీ; ఆ తెర = డబ్బు పోసి కొన్న ఆ మానిటర్; చూడదయ్యె = కన్ను తెరవలేదు; పెట్టె లోపల = సీపీయూ అని లోకం పిలిచే రేకు డబ్బాలో; దీపమ్ము = చిన్న బల్బు; వెలుగుచుండన్ = వెలుగుతూ ఉండగా; తీగన్ = కేబుల్‌ను; పెఱికితి = పీకాను; పెట్టితి = తిరిగి గుచ్చాను; తెలివి వచ్చెన్ = మెలకువ కలిగింది.

తాత్పర్యం

కంప్యూటర్ నడుస్తున్నా మానిటర్ లేవలేదు. తీగ పీకి పెడితే లేచింది.

వ్యాఖ్య

‘పెట్టె’: సీపీయూ అంటే నిజానికి లోపల బిస్కెట్టంత ఉండే చిప్పు. డబ్బాకంతటికీ ఆ పేరు పెట్టి పిలవడం లక్షణావృత్తి. కర్త ఆ జోలికి పోకుండా పెట్టె అని ఊరుకున్నాడు. ఔచిత్యం తెలిసినవాడు.

‘పెట్టె లోపల దీపమ్ము వెలుగుచుండ’: ఈ పాదం పైదానికి అన్వయిస్తుందా, కిందిదానికా అని సందేహం. గడప మీది దీపం ఇంటికీ వీధికీ వెలుగిచ్చినట్టు ఇది రెంటికీ వర్తిస్తుంది. దీనినే దేహళీదీప న్యాయం అంటారు. ఇక్కడ ఉన్నది నిజంగా దీపమే కావడం కర్త అదృష్టం. పద్యానికి ఆయువుపట్టు ఈ పాదమే, ఎందుకంటే రోగం ఎవరిదో తేల్చేది ఇది. కంప్యూటర్ నిద్రపోయినప్పుడు ర్యామ్‌కు మాత్రం కరెంటు అందుతూ, తక్కినవి దాదాపు ఆగిపోతాయి. శాస్త్రంలో దాని పేరు ఎస్3. అప్పుడా దీపం మామూలుగా మినుకుమినుకుమంటుంది. నిలకడగా వెలిగితే పెట్టె లేచినట్టే.

ఆక్షేపణ: దీపం వెలిగినంత మాత్రాన మనిషి మేలుకున్నట్టా?

సమాధానం: కాదు. అందుకే ‘మీటలు’ అన్నాడు. క్యాప్స్‌లాక్ నొక్కితే కీబోర్డు మీది చుక్కదీపం మారుతుందా, చూడాలి. మారితే లోపల స్పృహ ఉంది, తప్పు తెరదో దారిదో. మారకపోతే పెట్టే నిద్రలో బిగుసుకుపోయింది, తెరను తిట్టి లాభం లేదు.

‘చూడదయ్యె’: తెర మూడు రకాలుగా చూడకపోవచ్చు. ‘నో సిగ్నల్’ అని చెప్పి పడుకోవడం ఒకటి. వేరే ఇన్‌పుట్ వైపు ముఖం పెట్టుకుని కూర్చోవడం మరొకటి. మూడోది బ్యాక్‌లైట్ పోవడం: టార్చి ఏటవాలుగా వేస్తే లోపల బొమ్మ మసకగా కనిపిస్తుంది. కర్తది మొదటి రకం.

పాఠాంతరం: వీధి చివర రిపేరు షాపు కుర్రాడు నాలుగో పాదాన్ని ‘ర్యాము బెఱికితి’ అని చదువుతాడు. “సార్, ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దండి, దెబ్బకు లేస్తుంది” అని అతని వ్యాఖ్య. ఈ పాఠం గ్రాహ్యం కాదు. మొదటి దోషం, యతి చెడుతుంది. రెండోది, ర్యామ్ కాళ్లకు మకిలి పడితే పెట్టె మొదటికే బీప్ బీప్‌మని మొరాయిస్తుంది కానీ, పొద్దుటినుంచి పనిచేసి భోజనాల వేళకు మాత్రం అలగదు. అయినా మన దేశంలో ఆ రబ్బరుముక్క బతికించిన కంప్యూటర్లు చాలానే ఉన్నాయి కనుక అతనికి నమస్కారం.

‘తీగ బెఱికితి, బెట్టితి’: పీకి అదే పెడితే ఒరిగేదేమిటి? ఇక్కడే శాస్త్రం ఉంది. 1987లో వచ్చిన వీజీఏ కాలంలో తెర పని సులువు: అడ్డం ఒక తాళం, నిలువు ఒక తాళం, రెండూ వినిపిస్తే లేవాలి, రెండూ ఆగితే పడుకోవాలి. హెచ్‌డీఎంఐ కాలానికి మర్యాదలు పెరిగాయి. తీగ కొసన 19 పిన్నులు. 18వ దాని మీద పెట్టె 5 వోల్టులు పంపుతుంది. ఉన్నానని తెర 19వ దాని మీద బదులిస్తుంది. అప్పుడు పెట్టె ‘తమరెవరు?’ అని అడుగుతుంది. తెర తన పుట్టుపూర్వోత్తరాలు, కొలతలు రాసిన చిట్టీ అందిస్తుంది. 128 బైట్లతో మొదలయ్యే ఆ చిట్టీ పేరు ఈడీఐడీ. అది చదివాకే బొమ్మ బయల్దేరుతుంది.

గాఢనిద్రలో ఉన్న తెర 19వ పిన్ను కూడా వదిలేసి పడుకుంటే? పెట్టె లేచి చూస్తుంది, తెర లేదనుకుంటుంది, బొమ్మ పంపదు. బొమ్మ వస్తే లేద్దామని తెర కాచుక్కూర్చుంటుంది. పెళ్లి భోజనాల దగ్గర ‘ముందు మీరు కూర్చోండి’ ‘అబ్బే, మీరు కూర్చోండి’ అంటూ వియ్యంకులిద్దరూ ఆకుల ముందు నిలబడిపోయినట్టు. తీగ పీకి పెట్టడమంటే మధ్యవర్తి వచ్చి ఒకాయన భుజం నొక్కి కూర్చోబెట్టడం. 19వ పిన్ను ఒకసారి పడి లేస్తుంది, పలకరింపు మొదటినుంచీ మొదలవుతుంది.

‘తీగ’ అంటే మానిటర్ కరెంటు తీగ అని ఇంకొక శాఖ. అదీ పనిచేస్తుంది, తెరలోని చిన్న బుర్ర బిగుసుకుపోయినప్పుడు. పీకి అరనిమిషం ఆగి పెట్టాలి. అయితే కర్త లావాటివాడు, బల్ల కింద అరనిమిషం ఉండడం అసంభవం గనుక హెచ్‌డీఎంఐ తీగే వివక్షితం. ఏ తీగా పీకకుండా విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కితే విండోస్ 10లో గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. చాలాసార్లు తెర అంతటితోనే లేస్తుంది. రోజూ తీగ లాగితే సాకెట్టు వదులవుతుంది కనుక ముందు ఇదే మేలు. కర్తకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే పద్యం పుట్టేది కాదు.

‘తెలివి వచ్చె’: ఎవరికి? కర్తృపదం లేదు. ఇది శ్లేష. తెరకు మెలకువ రావడం ఒక అర్థం, కర్తకు బుద్ధి రావడం ఇంకొకటి. రెండో అర్థం నిలవదు. మర్నాడు భోజనం కాగానే అతను మళ్లీ బల్ల కిందే ఉన్నాడు. మూడోనాడు కొడుకు వచ్చి, “నాన్నా, ఇందులోనే ఉంది కదా” అని మానిటర్ మెనూలో డీప్ స్లీప్ ఆపేశాడు. ఆ తరవాత తెర మౌసు తాకితే లేస్తోంది. బల్ల అడుగున తల తగిలే చోట కర్త అంటించుకున్న స్పాంజి ముక్క ఇంకా అలాగే ఉంది.