దంతమూలోపాఖ్యానము

మన కవులు దంతములను మల్లెమొగ్గలనియు, దానిమ్మగింజలనియు, ముత్యాలసరములనియు వేనోళ్ళ పొగడిరి. పెదవిని సంస్కృతమున బింబఫలమనియు, అంతటితో తనివి తీరక తెనుగున దొండపండనియు రెండుమాఱులు వర్ణించిరి. కాని ఆ ముత్యములు జాఱి అన్నపు పళ్ళెరములో పడకుండ అహోరాత్రములు పట్టుకొనియుండు చిగుళ్ళను గూర్చి ఒక్క సీసపద్యమైనను వ్రాసిన పుణ్యాత్ముడు నా కంటబడలేదు. చిగుళ్ళకు కీర్తి రావలెనన్నచో ముందు పళ్ళూడవలెను గాబోలు! పసిపాపల బోసినవ్వునకును, గాంధీమహాత్ముని బోసినవ్వునకును మురియని వారెవరు? ఆ నవ్వు నవ్వినవి చిగుళ్ళే యని తలచినవారును లేరు.

కవులు విడిచిన ఈ వస్తువును వైద్యులు విడువలేదు. సుశ్రుతుడు ముఖరోగములు 65 అని లెక్కగట్టి, అందు పళ్ళకు 8 మాత్రమే విదిల్చి, దంతమూలములకు 15 ధారాళముగా ప్రసాదించినాడు. శీతాదమట, ఉపకుశమట, మహాశౌషిరమట! పేర్లు విన్నంతనే వీనిని సంహరించుటకు ఏ దేవుడైన అవతారమెత్తవలెనేమో యనిపించును. వానిలో శీతాదమునకు లక్షణము, చిగుళ్ళనుండి అకారణముగా నెత్తురు స్రవించుటయట. ప్రాతఃకాలమున ఉమ్మిలో ఎఱ్ఱదనము చూచి, నేరము బ్రష్షుమీదికి నెట్టి, కాఫీకి కూర్చుండు గృహస్థులందఱును ఈ శాస్త్రమునకు ఉదాహరణములే.

పన్ను దవడలో మేకువలె దిగగొట్టబడియున్నదని లోకులు భ్రమింతురు. నిజమునకు పంటివేరునకును ఎముకకును నడుమ, మిల్లీమీటరులో నాలుగవవంతునకు అటునిటుగా నుండు సందున, లెక్కలేనన్ని సన్నని నారపోగులు అల్లుకొని పంటిని వ్రేలాడదీసి పట్టుకొన్నవి. జంతిక కొఱికినప్పటి తాకిడిని భరించునవి అవియే. అన్నములో రాయి తగిలినంతనే ఇల్లాలిపై కేకవేయుటకు వలయు సమాచారమును క్షణములో మెదడునకు చేరవేయునవియు, ఇంచుమించుగా, అవియే.

ఇట్టి సేవకుల పొరుగున కాపురముండు వారిని మొదట చూచినవాడు డెల్ఫ్టు పట్టణపు బట్టలవర్తకుడు లీవెన్‌హుక్. అతడు 1683లో తన పళ్ళసందులలోని పాచిని సూక్ష్మదర్శినితో పరీక్షించి, అందు ఈదులాడు ప్రాణులను గాంచి, తన నోటిలోని జనాభా తన దేశజనాభాను మించినదని లండనులోని రాయల్ సొసైటీకి విన్నవించుకొనెను. ఆ పాచిని తుడువకున్నచో లాలాజలములోని లవణములు పట్టి గారగా గట్టిపడును; గార చేరినకొలది చిగురు వాచి, వదులై, వెనుకకు తగ్గును. పిమ్మట డెన్మార్కున లోయె యను పండితుడును అతని సహచరులును పన్నెండుగురిచేత పళ్ళు తోముట మాన్పించి, మూడువారములలోపుగా అందఱి చిగుళ్ళు వాచుటయు, మరల తోమగనే వారము దినములకు నయమగుటయు కనుగొని 1965లో ప్రకటించిరి. ఈ ప్రయోగము, మొదటి సగము మట్టుకు, మా వీధిలో చిరకాలముగా నడచుచున్నది. ప్రకటించు పండితుడే లేడు.

నా వంతు వచ్చినది. వైద్యుడు గీతలున్న సన్నని పనిముట్టును పంటికిని చిగురునకును నడుమ దింపి, "రెండు, మూడు, అయిదు" అని బావిలోతు చెప్పినట్లు చెప్పుచుండెను; మూడు మిల్లీమీటర్లు దాటినచో ప్రమాదమట. పిదప గార గీకుట. ఆ బాధను పంటిబిగువున సహింతమన్న, ఆయన చేతజిక్కినది ఆ పన్నే! చేతిలోని పైకము నిచ్చి, రేపటివఱకు గట్టిపదార్థములేవియు ముట్టరాదను ఆజ్ఞతో ఇల్లు చేరితిని.

మా మేనత్తకు నోట ఒక్క పన్నును లేదు. అయినను చేగోడీని బుగ్గన నానవేసి చిగుళ్ళతోనే నూఱి లొంగదీయగల దిట్ట. నా కథయంతయు సావధానముగా విని, "అంత డబ్బు పోసి నిలబెట్టుకొన్నావుగదా, ఏదీ, ఇది కొఱుకు" అని డబ్బా ముందుకు జరపినది. రేపటివఱకు కూడదంటిని.

"అయితే ఒరే, ఇప్పుడు నీకు పళ్ళున్నట్టా, లేనట్టా?" అని, డబ్బా మరల తన యొడిలోనికి లాగుకొన్నది.