ఫాస్ట్ ట్రాక్ శ్రద్ధాంజలి

కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఒక పసిపిల్ల ప్రాణం పోతే నాయకుడి నోటివెంట మొదట వచ్చే మాట "ఫాస్ట్ ట్రాక్ కోర్టు పెట్టిస్తం". ఆ మాట వినగానే చుట్టూ ఉన్నవాళ్లు చేతులు జోడిస్తారు. జోడించరా మరి, దొరగారు దయతలచారు! చట్టం తెలిసినవాళ్లు మాత్రం ముక్కున వేలేసుకుంటారు. కోర్టు కేసును స్వీకరించిన 30 రోజుల్లో బాధిత బాలల సాక్ష్యం నమోదు కావాలని, ఏడాదిలోగా విచారణ మొత్తం ముగియాలని, పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించడానికి 2012లో వచ్చిన పోక్సో చట్టం 35వ సెక్షన్‌లోనే ఉంది. మంత్రి పరామర్శించిన ఇంటికీ, సర్పంచి కూడా తొంగిచూడని ఇంటికీ అదే సెక్షన్. మనకు రావలసిన బాకీని మనకే బహుమానంగా ప్రకటిస్తుంటే చప్పట్లు కొట్టే జాతి మనది. సెక్షన్‌లో "సాధ్యమైనంత వరకు" అని ఒక సందు వదిలారు లెండి. ఏళ్లకు ఏళ్లు జారిపోయేది ఆ సందులోంచే.

మనవాళ్లకు చేతకాదని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు. 2019 జూన్‌లో హన్మకొండలో తొమ్మిది నెలల పాపను బలిగొన్న కేసులో ఆగస్టు 8 నాటికే తీర్పు వచ్చింది. కింది కోర్టు ఉరిశిక్ష వేస్తే, నవంబరులో హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది. అంటే అప్పీలు కూడా ఆ ఏడాదే తేలిపోయింది. అదే నవంబరు 24న ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో ఊరూరా తిరిగి సామాన్లు అమ్ముకునే దళిత మహిళను చంపేశారు. హైదరాబాద్‌లో 'దిశ' హత్యాచార ఘటన జరిగింది ఆ తర్వాత మూడు రోజులకు. కొవ్వొత్తులన్నీ అటే పోయాయి. "మా బిడ్డ బిడ్డ కాదా" అని ఇక్కడి జనం రోడ్డెక్కి అరిస్తే అప్పుడు ఆదిలాబాద్‌లో ప్రత్యేక కోర్టు వచ్చింది. 2020 జనవరి 30న ముగ్గురికి ఉరిశిక్ష పడింది. మన వ్యవస్థకు కాళ్లున్నాయి, పరుగెత్తగలదు. కాకపోతే ఎవరో ఒకరు వెనక నుంచి అరుస్తూ ఉండాలి.

అరిచే గొంతు లేని పిల్లల సంగతి ఏమిటి? 2024 జూన్‌లో పెద్దపల్లి జిల్లా సుల్తానాబాద్ మండలంలో రైస్ మిల్లు దగ్గర తల్లి పక్కన పడుకున్న ఆరేళ్ల పాపను ఎత్తుకుపోయి చంపేశారు. ఎప్పటిలాగే ఫాస్ట్ ట్రాక్ హామీ వచ్చింది. ఆ హామీ ఇచ్చింది ఎవరో అడగండి, జిల్లాలో సగం మంది చెబుతారు. కిందటి వాయిదా ఏ తారీఖున పడిందో అడగండి, ఆకాశం వైపు చూస్తారు.

జ్ఞాపకాల విషయంలో మాత్రం మనకు లోటు లేదు. నేరం జరిగిన మూడోనాటికి చౌరస్తాలో ఫ్లెక్సీ లేస్తుంది. బాధితురాలి పేరు, ముఖం బయటపెట్టకూడదని చట్టం చెప్పింది. చనిపోయినవాళ్లకూ ఇదే వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. మనం చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తాం. మధ్యలో పాప ముఖాన్ని మసకబారుస్తాం. ఆ మసక చుట్టూ జిల్లా అధ్యక్షుడు, పట్టణ కార్యదర్శి, వార్డు ఇన్‌ఛార్జి, ఆయన బామ్మర్ది, అందరూ తెల్లచొక్కాల్లో తళతళలాడుతుంటారు. ఎవరు చనిపోయారో ఫ్లెక్సీ చూసి చెప్పలేం గానీ, వచ్చే మున్సిపల్ ఎన్నికల్లో ఎవరు నిలబడతారో చెప్పేయొచ్చు.

ఆ మసక కూడా దక్కని పిల్లలున్నారు. యాదాద్రి భువనగిరి జిల్లా హాజీపూర్ పక్క ఊళ్లో పదకొండేళ్ల పిల్ల 2015 ఏప్రిల్‌లో కనపడకుండా పోయింది. కాగితాల్లో ఆమె పేరు 'మిస్సింగ్' కింద పడింది. నాలుగేళ్లపాటు అక్కడే పడి ఉంది. 2019లో మరో ఇద్దరు ఆడపిల్లలు మాయమై, జనం తిరగబడ్డాక, పాడుబడ్డ బావిలో వెతికితే మొదటి పిల్ల ఎముకలు కూడా దొరికాయి. 2020 ఫిబ్రవరిలో నల్లగొండ కోర్టు హంతకుడికి ఉరిశిక్ష వేసింది. ఊరివాళ్లు మాత్రం ఉరితోపాటు ఇంకో రెండు అడిగారు, బస్సు, వాగు మీద వంతెన. బస్సు ఉంటే పిల్లలు పరాయివాడి బండి ఎక్కాల్సిన అవసరమే ఉండదని వాళ్ల వాదన. పాపం అమాయకులు! బస్సు వేస్తే దాని ముందు కొవ్వొత్తి వెలిగించి ఫొటో దిగడం ఎట్లా?

గుర్తుపెట్టుకోవడమనే కళలో పరాకాష్ఠ చూడాలంటే మాత్రం కర్నూలు పోవాలి. 2017 ఆగస్టులో అక్కడి ఓ రెసిడెన్షియల్ స్కూల్లో పదో తరగతి చదివే గిరిజన బాలిక శవమై తేలింది. ఉరేసుకుందని బడివాళ్లు అన్నారు, అత్యాచారం చేసి చంపారని తల్లిదండ్రులు అన్నారు. నిందితులు బెయిలు మీద బయటికొచ్చారు. 2020 ఫిబ్రవరిలో పవన్ కల్యాణ్ కర్నూలులో ర్యాలీ తీశారు. అదే నెలలో జగన్ ప్రభుత్వం కేసును సీబీఐకి అప్పగిస్తూ జీవో ఇచ్చింది. తర్వాత ఆ కుటుంబానికి భూమి, ఇంటిస్థలం, ఉద్యోగం ఇచ్చారు. అన్నీ ఇచ్చారు, ఆ బిడ్డ ఎట్లా చనిపోయిందన్న జవాబు ఒక్కటి తప్ప. 2024లో పవన్ గారే ఉప ముఖ్యమంత్రి అయ్యారు. 2025 ఫిబ్రవరిలో సీబీఐ తమకు వనరులు లేవని హైకోర్టుకు విన్నవించుకుంది. సెప్టెంబరులో ప్రభుత్వం మళ్లీ సీబీఐ పేరే ఎత్తింది. మూడు ప్రభుత్వాలు వచ్చినా ఆ పిల్లను ఏ ఒక్కటీ మరిచిపోలేదు. అదే ఆ తల్లి దురదృష్టం. మరిచిపోయి ఉంటే కొత్తగా అన్నా మొదలుపెట్టేవాళ్లు.

కేసు తేలడం ఇంత కష్టమైతే నిందితుణ్ణే తేల్చేస్తే పోలేదా అనే మేధావులూ మనలో ఉన్నారు. 2021 సెప్టెంబరులో హైదరాబాద్ సైదాబాద్‌లో ఆరేళ్ల పాప హత్యకు గురైతే, దొరికినవాణ్ణి ఎన్‌కౌంటర్ చేస్తామని అప్పటి మంత్రి మల్లారెడ్డి మైకుల ముందే చెప్పేశారు. రెండు రోజులకు నిందితుడు స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర పట్టాల మీద శవమై కనిపించాడు. పోలీసులు ఆత్మహత్య అన్నారు. మిఠాయిలు పంచుకున్నాం. ఆ పాపకు ఏం జరిగిందో సాక్ష్యాలతో సహా వినిపించే కోర్టు మాత్రం ఇక కూర్చోలేదు. ఆ సంగతి ఎవరికీ పెద్ద లోటుగా అనిపించలేదు కూడా.

కాబట్టి ఈసారి సంవత్సరీకానికి కొవ్వొత్తులు కొనకండి. ఆ డబ్బులతో ఆటో ఎక్కి ఠాణాకు పొండి. ఫిర్యాదు చేసినవాళ్లకు 90 రోజుల్లోగా దర్యాప్తు ఎంతదాకా వచ్చిందో పోలీసులే చెప్పాలని 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 193వ సెక్షన్ చెబుతోంది. చెప్పారా అని అడగండి. ఛార్జిషీటు ఎప్పుడు పడింది? ఫోరెన్సిక్ రిపోర్టు వచ్చిందా? ఎంతమంది సాక్షులను విచారించారు, ఎంతమంది మిగిలారు? కేసు నంబరు ఉంటే వాయిదాల చిట్టా అంతా ఈ-కోర్ట్స్‌లో, మీ ఫోన్లోనే కనబడుతుంది. అది జేబులో పెట్టుకుని పరామర్శకు వచ్చిన ఎమ్మెల్యేను అడగండి, "సార్, ఫాస్ట్ ట్రాక్ అన్నరు గదా, బండి ఏ స్టేషన్ల ఆగింది?"

ఆయనకు కోపం రావచ్చు. చావింటి దగ్గర రాజకీయాలు ఎందుకయ్యా అని మీకే నీతి చెప్పొచ్చు. వెనక్కి తగ్గకండి. చనిపోయిన పిల్ల వయసెంతైనా ఓటు లేని వయసే. ఆయన భయపడవలసిన ఓటు మీ దగ్గరే ఉంది.