గుండీ పక్క మారింది, బిల్లు పెరిగింది

అమెరికాలో ఏదో ఒక డ్రైక్లీనింగ్ కొట్లో రెండు తెల్ల కాటన్ చొక్కాలు వేసి చూడండి. గుడ్డ ఒకటే, మురికీ ఒకటే. గుండీలు కుడివైపుంటే ఒక రేటు, ఎడమవైపుంటే చాలాచోట్ల అంతకు మించిన రేటు! అదేమంటే, "మా ప్రెస్సు మిషను మగవాళ్ల చొక్కా కొలతకే చేశారండీ, ఆడవాళ్లది చేత్తో ఇస్త్రీ చెయ్యాలి" అంటారు. పట్టు జాకెట్టుకో, కుచ్చుల గౌనుకో అయితే సరే, ఒప్పుకుందాం. మరి మిషనుకు నిండుగా సరిపోయే సాదా చొక్కా ఆవిడ తెచ్చినా అదే బిల్లెందుకో! చీపురుపుల్లలాంటి మగాడి చొక్కాకి మాత్రం ఆ మిషను కిక్కురుమనదు.

ఆడా మగా చూసి రేటు కట్టొద్దు, పట్టే సమయాన్నీ శ్రమనీ చూసి కట్టుకోండని కాలిఫోర్నియా 1995లోనే చట్టం చేసింది. న్యూయార్క్ నగరానిదీ 1998 నుంచి అదే మాట. ఇంకేం, 'ఆడవారి చొక్కా' అన్న బోర్డు చెరిపి 'చేతి ఇస్త్రీ' అని రాసుకుంటే సరి!

ఆవిడకు మిగిలింది ఒకటే ఉపాయం. తన చొక్కాని ఆయన చొక్కాల మూటలో అడుగున దూర్చెయ్యడం. గుండీలు కనపడకుండా మడిచి మరీ.