బంగారి మెడలో మువ్వ

పెంపుడు పిల్లి మెడలో మువ్వ ఉండాలని నేనంటాను. మేడిపల్లిలో మా ఎదురింటి వదినకు ఆ మాటే గిట్టదు. ఎండాకాలం పొడుగునా ఇద్దరం దాని మీదే వాదించుకున్నాం.

వాళ్ల పిల్లి పేరు బంగారి. పసుప్పచ్చ చారలు, బొద్దు మొహం, వీధిలో పిల్లలందరికీ ముద్దు. మా సందు వరంగల్ రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది. ఆ రోడ్డు మీద 2018లో మొదలైన ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ ఏళ్ల తరబడి స్తంభాల దగ్గరే ఆగిపోయి, దుమ్మూ మోతా మిగిల్చింది. సందులోకి తిరిగితే మాత్రం జామచెట్లు, మందారాలు, వాటిని నమ్ముకున్న పిట్టలు ఇంకా ఉన్నాయి. వదిన వాళ్ల ప్రహరీ పక్క మందారంలో పిగిలిపిట్టలు గూడు పెడతాయి. నల్లటి తల, తోక మొదట్లో కింద ఎర్రటి మచ్చ. వీటి పిల్లలు ఎగరడం సరిగ్గా రాకముందే గూడు దిగుతాయి. కొన్నాళ్లు కింది కొమ్మల్లో గెంతుతూ, నోళ్లు తెరుచుకుని కూర్చుంటాయి. తల్లీ తండ్రీ పురుగులు తెచ్చి పెడుతుంటాయి. పిల్లికి చిక్కేది ఆ రోజుల్లోనే.

ఓ రోజు తెల్లవారుతూనే బంగారి పిట్టపిల్లను నోట కరుచుకుని గేటు కిందనుంచి దూరింది. తల్లిపిట్ట కరెంటు తీగ మీద అటూ ఇటూ గెంతుతూ చాలాసేపు అరిచింది. ఆ అరుపు విన్నాక ఊరుకోలేకపోయాను.

"వదినా, దీనికో మువ్వ కట్టరాదూ?"

"పిల్లన్నంక పిట్టను పట్టకుంటదా? దాని గుణమే అది" అంది వదిన.

గుణమే, కాదనను. కానీ బంగారికి పూటపూటా ప్యాకెట్ తిండి, ఆదివారం చికెన్ ముక్కలు. కడుపు నిండినా వేట మానదు, కదిలేది కనబడితే దూకుతుంది. మనం తిండి పెట్టి సాకుతున్నాం కాబట్టే ఒక్కో వీధిలో ఇన్నేసి పిల్లులు బతుకుతున్నాయి. అలాంటప్పుడు అవి చంపే పిట్టల లెక్క కూడా మన ఖాతాలోదే కదా.

వదినవి ఉత్త మొండి మాటలు కావు. "మనకు ఇనబడనియి గూడ దానికి ఇనబడతయి. చెవి కిందనే గణగణమంటే పిచ్చెక్కదా?" అంది. నిజమే, మనిషి చెవికి 20 వేల హెర్ట్జ్‌ల దగ్గరే హద్దు. పిల్లి 60 వేలకు పైన కూడా వింటుంది. అందుకే చిన్న మువ్వ చాలన్నాను. అలవాటు పడకుండా బెదురుతూనే ఉంటే విప్పేద్దామన్నాను.

"కొమ్మకు తట్టుకుని ఉరి పడితే?" ఇది ఇంకా పెద్ద భయం, ఇందులో వాదించడానికేమీ లేదు. మామూలు బకిల్ పట్టీ పిల్లి ప్రాణానికి ప్రమాదమే. గట్టిగా లాగితే దానంతటదే విడిపోయే కొక్కెం ఉన్న పట్టీలే పిల్లులకు కట్టాలి. మెడకూ పట్టీకీ మధ్య రెండు వేళ్లు పట్టాలి. పట్టీ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు.

"కట్టినా పిట్టల్ని పట్టుకుంటే?"

ఈ ప్రశ్నకు ఇంటర్ చదివే వాళ్లమ్మాయి ఫోన్లో వెతికి జవాబు చెప్పింది. బ్రిటన్‌లో పక్షుల సంరక్షణ చూసే ఆర్‌.ఎస్‌.పి.బి. వాళ్ల పరీక్షల ఫలితాలు 2005లో వచ్చాయి. మువ్వ కట్టిన పిల్లులు ఇంటికి తెచ్చే పక్షులు 41 శాతం, ఎలుకల వంటివి 34 శాతం తగ్గాయి. అయితే 2021లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్లు 355 పిల్లుల్ని గమనించి, మువ్వ వల్ల చెప్పుకోదగ్గ తేడా లేదన్నారు. మాంసం ఎక్కువున్న మంచి తిండి పెడితే ఇంటికి తెచ్చే వేట 36 శాతం, రోజూ ఐదు పది నిమిషాలు ఆడిస్తే 25 శాతం తగ్గిందన్నారు.

"చూసినవా!" అంది వదిన.

"రెండూ చేద్దాం. మువ్వా కడదాం, ఆటా ఆడిద్దాం. పొద్దూకే వేళా, తెల్లవారే వేళా లోపలే ఉంచుదాం. అది వేటకు దిగేది ఆ వేళల్లోనే" అన్నాను.

లోపలినుంచి టక్ టక్‌మని చప్పుడు. "మా అత్తమ్మ. గిలాసతోని మంచం పట్టె మీద ఊకె కొడుతుంటది" అంటూ వదిన టీవీ గొంతు కాస్త తగ్గించి, మళ్లీ పట్టీ ధర దగ్గరికి వచ్చింది. అవ్వకు తుంటి ఎముక విరిగినప్పటినుంచి వెనక గదిలోనే పడక. గొంతు కూడా సన్నబడింది.

చివరికి అన్న ఓ సాయంత్రం డ్యూటీ నుంచి వస్తూ నాచారంలో ఎర్ర పట్టీ కొనుక్కొచ్చాడు. విడిపోయే కొక్కెం, బఠాణీ గింజంత మువ్వ. బంగారి మొదట్లో వెనక్కి వెనక్కి నడిచింది, కాళ్లతో గీరుకుంది. తర్వాత మరిచిపోయింది.

మరవనిది ఇంట్లోవాళ్లే. బయట రోడ్డు మీద లారీలు, సందు మొదట్లో కుక్కల గుంపు. మువ్వ గేటు వైపు మోగితే వదిన పొయ్యి తగ్గించి ఉరికేది. మందారం వైపు మోగితే అమ్మాయి ఇయర్‌ఫోన్లు పీకేసి పరుగెత్తేది. అన్న సగం గీసుకున్న గడ్డంతో బయటికొచ్చిన రోజులున్నాయి. ఎవరి ఫోన్లో వాళ్లుండే ఇల్లు, ఆ చిన్న చప్పుడుకు ఒక్కసారిగా లేచేది. నాకెంత సంతోషమయిందో! మువ్వ పిట్టను హెచ్చరిస్తుందని మాత్రమే అనుకుంటాం గానీ, పిల్లి ఎక్కడుందో మనిషికి చెప్పడమూ దాని పనే. ఆ తర్వాతి విడతలో పిగిలిపిట్ట పిల్లలు రెండూ తీగ మీదికి ఎగిరాయి. మువ్వకెంత, ఆటకెంత అని పంచలేం. ఎగిరాయి, అంతే చాలు.

వానలు మొదలయ్యాక ఓ సాయంత్రం వాళ్లింట్లో కూర్చున్నాను. బంగారి వచ్చి నా ఒళ్లో పడుకుంది. మెడ ఖాళీ.

"అయ్యో, పట్టీ ఏది?" వదిన కంగారుపడింది.

"ఎక్కడో తట్టుకుని ఊడిపోయింది. లేకుంటే పిల్లే చిక్కుకునేది" అన్నాను. కొక్కెం తన పని తాను చేసిందని నా గుండె నెమ్మదించింది.

అయినా వెతుకులాట మొదలైంది. అమ్మాయి టార్చితో జామచెట్టంతా చూసింది. అన్న స్కూటీ కింద, నీళ్ల సంపు పక్కన వెతికాడు. అంతలో ఇంట్లోంచి మువ్వ మోగింది. బంగారి నా ఒళ్లోనే ఉంది, కళ్లు కూడా తెరవలేదు. మళ్లీ మోగింది, ఈసారి ఆగకుండా.

అందరం వెనక గదికి పరుగెత్తాం. బంగారి అప్పుడప్పుడూ వెళ్లి పడుకునే చోటు అది. మంచం కోడుకు తగులుకుని అక్కడే ఊడినట్టుంది. అవ్వ ఎర్ర పట్టీని మణికట్టుకు చుట్టుకుని, చెయ్యి పైకెత్తి ఊపుతోంది. మంచం పట్టె మీద ఉత్త గ్లాసు.

"నాయనమ్మా, అది నీకెందుకే?" అంది మనవరాలు రొప్పుతూ.

అవ్వ గుమ్మంలో నిలబడ్డ మా అందరినీ ఒక్కొక్కరినే చూసింది.

"ఇది మోగితే అందరు ఉరికొస్తున్నరని కట్టుకున్న బిడ్డా. జర ఇన్ని మంచినీళ్లియ్యుండ్రి."