ఒక్క వాక్యం, నాలుగు వర్గాలు

"మా పార్టీలో వర్గాలు లేవండీ. అభిప్రాయభేదాలు ఉంటాయి. అది మా అంతర్గత ప్రజాస్వామ్యం."

ఈ మూడు ముక్కలు తడబడకుండా చెప్పలేనివాడికి తెలుగు రాష్ట్రాల్లో ఏ పార్టీలోనూ అధికార ప్రతినిధి పదవి రాదు. చెబుతున్నాయనకు అటు ఒక వర్గం, ఇటు ఒక వర్గం కూర్చుని తలలూపుతుంటాయి. కెమెరాలు సర్దేయగానే అటువాళ్లు అటు, ఇటువాళ్లు ఇటు కార్లెక్కి, ఎవరి విలేకరికి వాళ్లు ఫోన్ చేసి అసలు కథ విప్పుతారు. పొద్దున్నే అది పేపర్లో పడితే మళ్లీ అదే బల్ల వెనక, అవే కుర్చీల్లో కూర్చుని "ఇదంతా మీడియా సృష్టి" అని ముక్తకంఠంతో ఖండిస్తారు.

ఒక పార్టీని ఊహించుకుందాం. పేరు పెట్టను. పెట్టకపోయినా భుజాలు తడుముకునేవాళ్లు ఎలాగూ ఉంటారు. దాని రాష్ట్రశాఖలో నాలుగు వర్గాలు. అధ్యక్షుడిది ఒకటి. అధ్యక్షుడు కావలసి, ఆఖరి నిమిషంలో కాకుండా పోయినాయనది రెండోది. కిందటి ఎన్నికల ముందు రాత్రికి రాత్రి కండువా మార్చుకుని వచ్చి టికెట్ పట్టుకుపోయినవాళ్లది మూడోది. నాలుగోది ముప్ఫై ఏళ్లుగా జెండా మోసినవాళ్లది. దీనికి నాయకుడు లేడు. ఎవడైనా కాస్త నాయకుడిగా కనిపించాడంటే మర్నాటికి మొదటి మూడింట్లో ఏదో ఒకదాంట్లో తేలతాడు.

ఈ నాలుగింటికీ తగాదా సాగునీటి మీదో, మద్దతు ధర మీదో అనుకుంటే మీరు పార్టీ ఆఫీసు మెట్లు ఎప్పుడూ ఎక్కలేదన్నమాట. తగాదా ఫ్లెక్సీ మీద. అధినేత బొమ్మ గురించి పేచీ లేదు, అది సగం ఫ్లెక్సీ తినేస్తుంది. గొడవంతా కింది వరసలో. జిల్లా ఇన్‌ఛార్జి బొమ్మ ముందా, ఎమ్మెల్యే బొమ్మ ముందా? మాజీకి చేతులు జోడించిన ఫొటో వేయాలా, చెయ్యి ఊపుతున్న ఫొటో వేయాలా? నియోజకవర్గ ఇన్‌ఛార్జి బొమ్మ లేకుండా ఒక మండల నాయకుడు పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టాడంటే అది తిరుగుబాటు. తెల్లారేసరికి అది చిరిగిపోయి ఉంటుంది. ఠాణాలో రెండు ఫిర్యాదులు పడతాయి, ఫ్లెక్సీ చింపారని ఒకటి, చింపలేదని ఇంకొకటి. టీవీ చర్చల్లో విశ్లేషకులు ఎందుకు అంత కష్టపడతారో నాకు అర్థం కాదు. ఫ్లెక్సీలు కొట్టే కుర్రాణ్ణి పిలిచి అడిగితే ఈ వారం ఎవరి తల తీసేశారో, ఎవరి తల పెద్దదైందో ఒక్క నిమిషంలో చెబుతాడు.

తగవు ముదిరితే పైనుంచి పరిశీలకుడు దిగుతాడు. ఆయనకు తెలుగు రాదు. అదే ఆయన అర్హత. పెద్ద హోటల్లో గది తీసుకుని ఎమ్మెల్యేలను ఒక్కొక్కరినే లోపలికి పిలుస్తాడు.

"చెప్పండి, ఎవరు నాయకుడైతే బాగుంటుంది?"

"అధిష్ఠానం ఎవరిని నిర్ణయిస్తే వారే సార్."

"అది సరే. మీ మనసులో మాట చెప్పండి."

"అది కూడా అధిష్ఠానమే నిర్ణయిస్తే బాగుంటుంది సార్."

బయటికొచ్చి "నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెప్పాను" అంటాడు విలేకరులతో. అందరి మొహమాటాలూ ఇలా తీరాక హాల్లో చేరి ఏకవాక్య తీర్మానం చేస్తారు. నాయకుణ్ణి ఎన్నుకునే అధికారం మాకుంది గనక, దాన్ని అధ్యక్షులవారికి అప్పగించేస్తున్నాం అని దాని సారాంశం. జనం ఎండలో నిలబడి ఓట్లేసి పంపితే, గెలిచినవాళ్లు చేసే మొట్టమొదటి పని తమ ఓటును కవర్లో పెట్టి ఢిల్లీకి పంపించడం.

ఊహా పార్టీ కదా, ఎన్నయినా అంటావు అనకండి. 2023 డిసెంబరు 4న హైదరాబాదులో తెలంగాణ కాంగ్రెస్ ఎమ్మెల్యేలు 64 మంది సమావేశమై సరిగ్గా ఇలాంటి వాక్యాన్నే ఆమోదించారు. రేవంత్‌రెడ్డి పేరు మర్నాడు ఢిల్లీలో ప్రకటించారు. ఎమ్మెల్యేల్లో ఎక్కువమంది ఆయన వైపే ఉన్నారనే అందరూ అనుకున్నారు. మరి ఉన్నప్పుడు లెక్కపెట్టడానికి భయమెందుకు? చేతులెత్తమంటే రెండు నిమిషాల పని. అదే నెల 12న జైపూర్‌లో భారతీయ జనతా పార్టీ వారి ముచ్చట ఇంకా బాగుంది. అంతకుముందు రెండుసార్లు ముఖ్యమంత్రిగా చేసిన వసుంధరా రాజే చేతికి పరిశీలకుడు రాజ్‌నాథ్ సింగ్ ఒక చీటీ ఇచ్చారు. ఆమె విప్పి చదివారు. కొత్త ముఖ్యమంత్రి భజన్‌లాల్ శర్మ తొలిసారి ఎమ్మెల్యే, అంతకు కాసేపటి ముందు తీసిన గ్రూప్ ఫొటోలో చివరి వరసలో ఉన్నారు. ఆ ఫొటో చూశాక దేశంలో ఏ పార్టీ ఎమ్మెల్యే అయినా ముందు వరసలో కూర్చోవడానికి జంకుతాడు.

ఈ వాక్యం నిన్నా మొన్నా పుట్టింది కాదు. 1939 జనవరిలో కాంగ్రెస్ అధ్యక్ష పదవికి నిజంగానే పోటీ జరిగింది. సుభాష్ చంద్రబోస్‌కు 1,580 ఓట్లు, గాంధీజీ మద్దతుతో నిలబడిన మన భోగరాజు పట్టాభి సీతారామయ్యకు 1,377. లెక్కపెట్టారు, ఒకాయన గెలిచారు, ఒకాయన ఓడారు. అక్కడితో ఆగితే ఈ వ్యాసం రాసే పని ఉండేది కాదు. ఈ ఓటమి పట్టాభిది కంటే తనదే ఎక్కువని గాంధీజీ ప్రకటించారు. మార్చిలో త్రిపురి మహాసభలో గోవింద వల్లభ పంత్ ఒక తీర్మానం పెట్టారు. గెలిచిన అధ్యక్షుడు తన కార్యవర్గాన్ని గాంధీజీ అభీష్టం ప్రకారం వేసుకోవాలట. అది నెగ్గింది. ఏప్రిల్ నెలాఖరుకల్లా బోస్ రాజీనామా చేశారు. గమ్మత్తేమిటంటే గాంధీజీ అప్పటికి కాంగ్రెస్‌లో నాలుగణాల సభ్యుడు కూడా కారు, 1934లోనే సభ్యత్వం వదిలేశారు. ఆయన గాంధీజీ కాబట్టి చెల్లింది. తర్వాతివాళ్లు గాంధీజీని వదిలేసి పంత్ తీర్మానాన్ని మాత్రం జాగ్రత్తగా దాచుకున్నారు.

దాని ఫలం తెలుగునాట పండినంతగా ఇంకెక్కడా పండలేదేమో. 1978లో గెలిచిన కాంగ్రెస్ ఐదేళ్లు తిరక్కుండా నలుగురు ముఖ్యమంత్రులను చూపించింది. చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. ఒక్కరినీ శాసనసభ దించలేదు. అసమ్మతివాళ్లు ఢిల్లీ విమానం ఎక్కేవాళ్లు, మొర పెట్టుకునేవాళ్లు, దిగేసరికి ముఖ్యమంత్రి మారేవాడు. మారినాయన మీద ఇంకో జట్టు విమానం ఎక్కేది. ఈ బెడద వదిలించుకోవడానికి అంజయ్య గారు ఒక సాత్వికమైన ఉపాయం ఆలోచించారు, అందరినీ మంత్రుల్ని చేసేయడం. 61 మందితో మంత్రివర్గం కట్టారు. అలిగేందుకు ఇంకెవరు మిగులుతారనుకున్నారు పాపం. శాఖ చిన్నదైనవాడు శాఖ లేనివాడి కంటే గట్టిగా అలుగుతాడని ఆయనకు అప్పుడు తెలిసొచ్చింది. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో స్వాగతం హడావుడి ఎక్కువైందని రాజీవ్ గాంధీ ఆయన్ను అందరి ముందూ కసిరారు. రాజీవ్ అప్పటికి ఒక లోక్‌సభ సభ్యుడు, అంతే. ఆ నెలలోనే అంజయ్య దిగిపోయారు. మార్చి 29న ఎన్టీ రామారావు తెలుగుదేశం ప్రకటించారు. 1983 జనవరిలో చెన్నారెడ్డి వర్గం, అంజయ్య వర్గం, భవనం వర్గం, కోట్ల వర్గం అన్నీ కలిసికట్టుగా ఓడిపోయాయి. పార్టీ ఐక్యత ఆ ఐదేళ్లలో కనిపించింది అప్పుడే.

ఇప్పుడు అంజయ్య గారి ఉపాయం పారదు. 2003 నాటి 91వ రాజ్యాంగ సవరణ మంత్రివర్గాన్ని సభ బలంలో 15 శాతానికి కట్టేసింది. ముఖ్యమంత్రితో కలిపి ఆంధ్రప్రదేశ్‌లో 26 మంది, తెలంగాణలో 18 మంది. అయితే రాజ్యాంగం పార్టీ పదవుల జోలికి రాలేదు. మన ఊహా పార్టీ ఆ సందులో దూరింది. అధ్యక్షుడికి తోడు ఐదుగురు కార్యనిర్వాహక అధ్యక్షులు. ప్రచార కమిటీకి ఛైర్మన్, ఆయనతో పడనివాడికి కో-ఛైర్మన్, ఇద్దరితోనూ పడనివాడు సమన్వయ కమిటీ కన్వీనర్. ఉపాధ్యక్షులకు కుర్చీలు చాలక సగంమంది నిలబడి ఉంటే అధికార ప్రతినిధి వచ్చి "కార్యవర్గం కిక్కిరిసింది, ఇదీ మా ప్రజాదరణ" అన్నాడు.

ఎన్నికలు పెట్టొచ్చు కదా అంటారా? పెట్టారు. 1992 ఏప్రిల్‌లో తిరుపతి మహాసభలో పీవీ నరసింహారావు కాంగ్రెస్ కార్యవర్గానికి ఓట్లు వేయించారు. ఎన్నో ఏళ్లుగా లేని ఆ ముచ్చట చూసి మెచ్చుకోనివాళ్లు లేరు. ఫలితాలొస్తే అర్జున్ సింగ్, శరద్ పవార్ లాంటివాళ్లు దర్జాగా గెలిచారు. అప్పుడు పీవీ గారికి హఠాత్తుగా ఒక లోపం కనిపించింది. గెలిచినవాళ్లలో మహిళ లేదు, దళితుడు లేడు, గిరిజనుడు లేడు. నిజమే, సిగ్గుపడాల్సిన సంగతే. అందుకని గెలిచినవాళ్లందరి చేతా రాజీనామా చేయించి, కార్యవర్గాన్ని మళ్లీ వేశారు. అర్జున్ సింగ్, పవార్ ఇద్దరూ మళ్లీ వచ్చారు, కాకపోతే ఈసారి ఓట్లతో కాదు, పీవీ గారి నామినేషన్‌తో. మనిషి అదే, కుర్చీ అదే, కుర్చీ ఇచ్చిన చెయ్యి మారింది. ఇంత న్యాయమైన కారణం చూపి ఇంత చల్లగా పని కానిచ్చిన నాయకుడు మళ్లీ పుట్టలేదు.

ఇన్ని తిప్పలు పడి ఓటును ఎందుకు తప్పించుకుంటారో తెలియాలంటే బీఫారం చూడాలి. పార్టీ తరఫున ఎవరు సంతకం చేస్తారో ఏఫారం చెబుతుంది, ఏ నియోజకవర్గంలో అభ్యర్థి ఎవరో బీఫారం చెబుతుంది. నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోగా రిటర్నింగ్ అధికారి చేతిలో పడాలి. సంతకం సిరాతోనే పెట్టాలి, రబ్బరు స్టాంపు చెల్లదు. మన రాజకీయాల్లో రబ్బరు స్టాంపుకు విలువ లేని చోటు బహుశా ఇదొక్కటే. ఆ సిరా ఒక్కరి కలంలో ఉన్నంతకాలం రాష్ట్ర నాయకులు ఒకరితో ఒకరు కొట్లాడుకుంటున్నట్టు కనిపిస్తారు గానీ, నిజానికి అందరూ ఆ కలం వైపే చూస్తుంటారు. కలం పట్టుకున్నాయనకు కూడా వాళ్లు కొట్లాడుకోవడమే కావాలి. రెండు వర్గాలు కలిస్తే ఆయన్ను అడగాల్సిన పనే ఉండదు. అందుకే ఒక వర్గం బలిసిందంటే రెండోదానికి ఒక పదవి పడుతుంది, రెండోది బలిస్తే మొదటిదానికి. నీళ్లు పోసే చేత్తోనే వేలెత్తి "వర్గపోరు సహించను" అని హెచ్చరించడం అధినేతల ప్రత్యేక విద్య.

ఎమ్మెల్యేలను నిజంగా లెక్కపెట్టే చోటు ఒకటి లేకపోలేదు, అది హోటల్. 1984 ఆగస్టులో నాదెండ్ల భాస్కరరావు ముఖ్యమంత్రి అయినప్పుడు ఎన్టీఆర్ తన ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని ఢిల్లీ దాకా తీసుకెళ్లి తలలు చూపించాల్సి వచ్చింది. నెల తిరిగేసరికి కుర్చీ తిరిగొచ్చింది. 1995 ఆగస్టులో తలలు వైస్రాయ్ హోటల్లో తేలాయి, ఈసారి పార్టీ పెట్టినాయనకే కుర్చీ పోయింది. ఫిరాయింపుల చట్టం వచ్చాక లెక్క మరీ శాస్త్రీయమైంది. 1985లో మూడో వంతు చీలితే చాలనేవారు, 2003 తర్వాత చీలిక కుదరదు, మూడింట రెండు వంతుల మంది విలీనం కావాలి. 2019 జూన్‌లో తెలంగాణ కాంగ్రెస్ ఎమ్మెల్యేలు 18 మందిలో సరిగ్గా 12 మందికి ఒకేసారి మనస్సాక్షి మేలుకుంది. పదకొండో వాడి దగ్గర ఆగలేదు, పదమూడో వాడి దాకా పోలేదు. కూడికలు, భాగహారాలు రావని మన నాయకుల్ని ఎవరైనా అంటే నేనొప్పుకోను. సొంత పార్టీ ఆఫీసులో మాత్రమే వాళ్లకు లెక్కలు మరుపొస్తాయి.

కాంగ్రెస్ 2022 అక్టోబరులో అధ్యక్ష పదవికి ఓట్లు లెక్కపెట్టి, ఖర్గేకు 7,897, శశి థరూర్‌కు 1,072 అని బయటికి చెప్పింది. ఆ పని 2000 తర్వాత మళ్లీ అప్పుడే. అదే ఏడాది జులైలో వైఎస్సార్ కాంగ్రెస్ వారు మళ్లీ మళ్లీ లెక్కపెట్టే శ్రమ లేకుండా జగన్‌మోహన్‌రెడ్డి గారిని జీవితకాల అధ్యక్షుణ్ణి చేశారు, ఎన్నికల సంఘం అది కుదరదంది. 1980లో పుట్టిన భాజపాకు జాతీయ అధ్యక్షుల విషయంలో పోలింగ్ దాకా పోవలసిన అగత్యం ఎన్నడూ రాలేదు. అంతమంది సభ్యులున్న పార్టీలో ఒక్కడికైనా వేరే పేరు తట్టకపోవడం క్రమశిక్షణే అయ్యుంటుంది.

మన ఊహా పార్టీ కూడా ఈ మధ్య సంస్థాగత ఎన్నికలు ప్రకటించింది. పది నుంచి పదకొండు దాకా నామినేషన్లు, పన్నెండుకు పరిశీలన, ఒంటిగంటకు ఉపసంహరణ, ఒంటిగంటా ఐదుకు ఫలితం. రెండు గంటలకు విజయోత్సవ ఊరేగింపు, దానికి పోలీసు అనుమతి కిందటి వారమే తెచ్చుకున్నారు. పదిన్నరకు జెండా మోసిన వర్గంలోని ఒక పెద్దాయన ఆఫీసుకొచ్చాడు.

"బాబూ, నామినేషన్ ఫారం ఒకటివ్వు."

"ఏం పెద్దాయనా, పోటీ చేస్తావా?" అని నవ్వాడు గుమాస్తా.

"గెలుస్తానని కాదయ్యా. ఎన్ని పడతాయో చూద్దామని."

గుమాస్తా నవ్వు ఆగిపోయింది. లోపలికి పరుగెత్తాడు. అరగంటలో క్రమశిక్షణ సంఘం కూర్చుంది. సాయంత్రానికి పెద్దాయనకు షోకాజ్ నోటీసు అందింది. కింద అధ్యక్షుడి వర్గం, కాబోయి కానివాడి వర్గం, వలసొచ్చినవాళ్ల వర్గం, ఆఖరికి ఆయనతో పాటు జెండా మోసినవాళ్లు కూడా సంతకాలు పెట్టారు. ఆ పార్టీలో ఒక కాగితం మీద నాలుగు వర్గాల సంతకాలూ పడటం అదే మొదలు.